మృత సముద్రపు చుట్టలు, హీబ్రూ లేఖనాల అర్థం: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్ స్టడీలో కూర్చున్నా, పాత సంగతుల మీద ఆసక్తి ఉన్న స్నేహితులతో టీ తాగుతూ మాట్లాడుకున్నా, ఈ చుట్టల మాట వస్తే నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. విశ్వాసులు అడిగేవీ, నమ్మనివాళ్లు అడిగేవీ కలిపేశాను. కొన్నింటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నింటికి కాస్త ఓపిక కావాలి.

అసలు ఈ చుట్టలు ఏమిటి? ఎవరికి దొరికాయి?

చుట్ట అంటే పొగాకు చుట్ట అనుకోకండి. జంతువుల తోలును పలచగా చేసి, ముక్కలను పక్కపక్కన కుట్టి, రాసి, చాపలా చుట్టి దాచుకున్న పుస్తకం. యిర్మీయా 36లో రాజు చాకుతో కోసి కుంపట్లో పడేసింది ఇలాంటి దాన్నే.

1947 ప్రాంతంలో మృత సముద్రానికి వాయవ్యంగా, కుమ్రాన్ అనే శిథిలాల దగ్గర ఒక గుహలో, తామిరె తెగకు చెందిన బెదూయిన్ కాపరులకు మొదటి ఏడు చుట్టలు దొరికాయి. తర్వాత 1956 వరకు వెతికితే ఆ చుట్టుపక్కల మొత్తం 11 గుహల్లో రాతప్రతులు బయటపడ్డాయి. అన్నీ కలిపి 900కు పైనే. పూర్తిగా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ తునకలు. 1952లో దొరికిన నాలుగో గుహలోనే దాదాపు 15,000 తునకలు ఉన్నాయి. మొత్తం ప్రతుల్లో సుమారు నాలుగో వంతు మనం పాత నిబంధన అనే, యూదులు తనఖ్ అనే గ్రంథంలోని పుస్తకాలవి. మిగతావి వ్యాఖ్యానాలు, ప్రార్థనలు, సంఘ నియమాలు, క్యాలెండర్లు.

మొదటి ఏడింటిలో మూడింటిని ఎలియెజర్ సుకెనిక్ అనే హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసర్ కొన్నాడు. మిగతా నాలుగు ఒక సిరియన్ ఆర్థడాక్స్ మెట్రోపాలిటన్, అంటే పెద్ద బిషప్, దగ్గర ఉండిపోయాయి. ఆయన వాటిని అమెరికా తీసుకెళ్లి, 1954 జూన్ 1న వాల్ స్ట్రీట్ జర్నల్‌లో క్లాసిఫైడ్ ప్రకటన ఇచ్చాడు. రెండు వేల ఏళ్ల నాటి యెషయా గ్రంథం చిన్న ప్రకటనగా అచ్చయింది! దాన్ని చూసి 2,50,000 డాలర్లకు కొన్నది సుకెనిక్ కొడుకు యిగాయెల్ యాదినే. ఏడూ ఇప్పుడు యెరూషలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్నాయి.

అంత పాతవని ఎలా చెప్పారు?

అక్షరాల తీరును బట్టి ఒకసారి, కార్బన్ పరీక్షతో ఇంకోసారి. 1990లలో జ్యూరిక్‌లో, అమెరికాలోని టూసాన్‌లో జరిగిన పరీక్షలు లిపి నిపుణుల అంచనాలను చాలావరకు బలపరిచాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 1వ శతాబ్దం దాకా రాసినవి ఇవి. 68లో రోమన్ సైన్యం కుమ్రాన్‌ను నాశనం చేసింది. 2025లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు ఏఐతో లిపిని, కార్బన్ తేదీలను జోడించి చూసి, కొన్ని ప్రతులు అనుకున్నదానికంటే ఇంకా పాతవి కావచ్చన్నారు. దాని మీద చర్చ నడుస్తోంది.

ఇవి దొరక్కముందు హీబ్రూ బైబిల్ ప్రతులు లేవా?

ఉన్నాయి, కానీ చాలా తర్వాతి కాలానివి. ఈనాటి హీబ్రూ బైబిళ్లకు ఆధారం మసోరెటిక్ పాఠం. గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో పనిచేసిన మసోరెట్లు అనే పండితులు అచ్చుల గుర్తులు, రాగం గుర్తులు పెట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో అంచుల్లో లెక్కలు కూడా రాసి స్థిరపరిచిన పాఠం అది. ఆ కోవలో పేరున్న అలెప్పో ప్రతి 930 ప్రాంతానిది. 1947లో సిరియాలోని అలెప్పోలో జరిగిన అల్లర్లలో దెబ్బతిని, దానిలో చాలా ఆకులు పోయాయి. పూర్తిగా మిగిలిన వాటిలో పాతది లెనిన్‌గ్రాడ్ ప్రతి, 1008 నాటిది. అంటే కుమ్రాన్ చుట్టలు మనల్ని ఒక్క గెంతులో వెయ్యేళ్లు వెనక్కి తీసుకెళ్లాయి.

ఇవి కాక గ్రీకు అనువాదం సెప్టువజింట్ ఉంది, యూదులకు దగ్గరి జాతి అయిన సమరయులు కాపాడుకున్న పంచకాండాలు, అంటే బైబిల్ మొదటి అయిదు పుస్తకాలు, ఉన్నాయి. వాటిలో మసోరెటిక్ పాఠంతో కలవని చోట్లు కనిపిస్తే, అనువాదకుడు తప్పు చేశాడనో, సమరయులు మార్చుకున్నారనో సరిపెట్టుకునేవారు. కుమ్రాన్ తర్వాత అలా సరిపెట్టుకోవడం కుదరలేదు.

వెయ్యేళ్లలో ఒక్క అక్షరం కూడా మారలేదని ప్రసంగాల్లో విన్నాను. నిజమేనా?

కాదు. అయితే అలా చెప్పేవాళ్లు గాల్లోంచి పుట్టించిన మాట కూడా కాదు.

మృత సముద్రం ఒడ్డునే ఉన్న ఏన్గెదీలో పాత సమాజమందిరం తవ్వినప్పుడు, 1970లో ఒక కాలిన చుట్ట దొరికింది. బొగ్గుముక్క అది, ముట్టుకుంటే పొడైపోతుంది. నలభై ఐదేళ్లు అలాగే ఉంచారు. చివరికి దాన్ని విప్పకుండానే స్కాన్ చేసి, అమెరికాలోని కెంటకీ యూనివర్సిటీలో బ్రెంట్ సీల్స్ బృందం కంప్యూటర్‌లో పొర తర్వాత పొర విప్పింది. లోపల లేవీయకాండం మొదటి రెండు అధ్యాయాలు. హల్లులు చూస్తే మసోరెటిక్ పాఠమే, అక్షరం పొల్లు పోలేదు.

ఇక కుమ్రాన్ మొదటి గుహలోని యెషయా పెద్ద చుట్ట సంగతి చూడండి. 17 తోలు ముక్కలు, 54 కాలమ్‌లు, 7.34 మీటర్ల పొడవు, 66 అధ్యాయాలూ ఉన్నాయి. కథ, క్రమం మనం చదివే యెషయాయే. కానీ స్పెల్లింగ్ తేడాలు వేలల్లో ఉన్నాయి, అక్కడక్కడ మాటల తేడాలూ ఉన్నాయి. లేఖరి తప్పులైతే కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. 40వ అధ్యాయం 7, 8 వచనాల్లో "గడ్డి ఎండిపోతుంది, పువ్వు వాడిపోతుంది" అన్న మాట రెండుసార్లు వస్తుంది. మొదటి లేఖరి మొదటిసారి రాశాడు, మళ్లీ మూలప్రతి వైపు తల తిప్పేసరికి కన్ను రెండోదాని మీద పడింది. మధ్యలో ఉన్నదంతా ఎగిరిపోయింది. తర్వాత ఇంకెవరో ఆ లోపం పట్టుకుని, వదిలేసిన మాటలను వరుసల మధ్య ఇరికించి, చోటు చాలక ఎడమ అంచున కిందికి రాసుకుంటూ వెళ్లాడు. పక్క పుస్తకంలోంచి నోట్స్ ఎక్కించుకున్న ఎవరికైనా ఈ అనుభవం ఉంటుంది.

హీబ్రూలో అచ్చులు రాయరట. దానివల్ల అర్థంలో అంత తేడా వస్తుందా?

తెలుగులో గుణింతాలన్నీ తీసేసి "రమ" అని రాశామనుకోండి. అది రమ కావచ్చు, రామ కావచ్చు, రోమా కావచ్చు, రమ్మూ కావచ్చు. వాక్యం చదివితే చాలావరకు తెలిసిపోతుంది. కొన్నిసార్లు తెలియదు.

ఆదికాండం 47 చివర్లో యాకోబు దేనిమీద వంగి నమస్కరించాడు? మసోరెట్ల అచ్చులతో చదివితే "మిట్టా", అంటే మంచం. అవే హల్లులను గ్రీకు అనువాదకులు "మట్టె" అని చదివారు, అంటే చేతికర్ర. హెబ్రీయులకు రాసిన పత్రిక 11:21 గ్రీకును అనుసరించింది కాబట్టి అక్కడ చేతికర్ర. మన తెలుగు బైబిల్లో కూడా ఆదికాండంలో మంచం, హెబ్రీ పత్రికలో కర్ర. చిన్నప్పుడు ఇది చూసి ప్రింటింగ్ తప్పనుకున్నాను.

కీర్తన 22:16 ఇంకా సున్నితమైన చోటు, క్రైస్తవులు దీన్ని యేసు సిలువకు ముడిపెట్టి చదువుతారు. మసోరెటిక్ పాఠంలో "కారీ", అంటే "సింహంలా నా చేతులు, నా పాదాలు". వాక్యం కుంటుతోంది. తెలుగులో మనం చదివేది "పొడిచారు" అని. తేడా అంతా చివరి అక్షరంలో ఉంది. పొట్టిగా రాస్తే యోద్, తోక కిందికి లాగితే వావ్. కుమ్రాన్‌కు దక్షిణాన నహల్ హెవెర్ అనే లోయలో దొరికిన కీర్తనల ప్రతిలో ఈ మాట చివర వావ్ ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడది క్రియ అవుతుంది, "తవ్వారు, పొడిచారు" అన్న అర్థానికి దగ్గరవుతుంది. ఇక్కడితో గెలిచేశాం అనుకునేవాళ్లకు ఒక మాట: ఆ కాలపు చేతిరాతలో యోద్‌కూ వావ్‌కూ తేడా పట్టడం కష్టం. పైగా ఆ పక్కమాటలోనే, "నా చేతులు" అన్నచోట, ఆ లేఖరి ఒక అక్షరం అదనంగా పడేశాడు. అంత జాగ్రత్తగల మనిషి కాడు.

అర్థం మార్చేంత తేడాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. నాకు ఇష్టమైనవి చెప్తాను.

గొల్యాతు ఎత్తు. మనకు తెలిసింది ఆరు మూరల జేనెడు, అంటే తొమ్మిదడుగుల పైమాట. నాలుగో గుహలో దొరికిన సమూయేలు ప్రతిలో నాలుగు మూరల జేనెడు, అంటే ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. గ్రీకు అనువాదం, చరిత్రకారుడు జోసెఫస్ కూడా నాలుగు మూరలే అన్నారు. ఎత్తు తగ్గితే కథ పలచబడుతుందని కొందరికి బాధ. నాకైతే కథ చిక్కబడినట్టు అనిపిస్తుంది. ఇశ్రాయేలీయుల్లో అందరికంటే తల ఎత్తున ఉన్నవాడు సౌలు అని అదే పుస్తకం 9వ అధ్యాయంలో చెప్పింది. అంటే గొల్యాతుకు సరిజోడు రాజే. ఆ రాజు గుడారం వదల్లేదు, గొర్రెలు కాసే కుర్రాడు వెళ్లాడు. గొల్యాతు మరీ రాక్షసుడైతే సౌలు పిరికితనం మనకు కనబడదు.

నాహాషు సంగతి. మొదటి సమూయేలు 11వ అధ్యాయం తెరవగానే అమ్మోనీయుడైన నాహాషు యాబేష్గిలాదు మీదికి వచ్చి, మీ అందరి కుడికళ్లు ఊడబెరికితేనే సంధి అంటాడు. ఎందుకంత కసి? ఆ ఊరి మీదే ఎందుకు? జవాబు లేదు. కుమ్రాన్ ప్రతిలో దీనికి ముందు ఒక పేరా ఉంది. నాహాషు గాదీయులను, రూబేనీయులను అణచివేసి, ఒక్కొక్కరి కుడికన్ను పీకేశాడు; అతని చేతికి చిక్కకుండా 7,000 మంది పారిపోయి యాబేష్గిలాదులో తలదాచుకున్నారు. ఇప్పుడు అర్థమైంది. పారిపోయినవాళ్లకు చోటిచ్చినందుకు అదే శిక్ష ఊరంతటికీ వేస్తానంటున్నాడు. జోసెఫస్‌కు కూడా ఈ కథ తెలుసు. 1989లో వచ్చిన న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ అనే ఇంగ్లీషు బైబిల్ ఈ పేరాను పాఠంలోనే చేర్చింది. ఇది మొదటినుంచీ ఉండి జారిపోయిందా, ఎవరో తర్వాత వివరణగా చేర్చారా అన్నదానిపై పండితులు ఇంకా ఒకమాట మీద లేరు.

ఐగుప్తుకు వెళ్లిన యాకోబు కుటుంబం ఎంతమంది? నిర్గమకాండం 1:5లో డెబ్బై. అపొస్తలుల కార్యాలు 7:14లో స్తెఫను డెబ్బై అయిదు అంటాడు. స్తెఫను పొరబడ్డాడని వాదించేవాళ్లను చూశాను. నాలుగో గుహలోని ఒక నిర్గమకాండం ప్రతిలో ఆ అంకె హీబ్రూలోనే డెబ్బై అయిదు. గ్రీకు అనువాదంలోనూ అంతే. స్తెఫను తనకు తెలిసిన పాఠాన్నే చెప్పాడు.

ద్వితీయోపదేశకాండం 32:8. మహోన్నతుడు జనాంగాలకు సరిహద్దులు పెట్టింది "ఇశ్రాయేలీయుల లెక్కను బట్టి" అని మన పాఠం. ఇశ్రాయేలే ఇంకా పుట్టని కాలంలో ఆ లెక్క ఎక్కడిది? కుమ్రాన్ తునకలో "దేవుని కుమారుల లెక్కను బట్టి" అని ఉంది. ఒక్కో జనాంగానికి ఒక్కో దివ్యజీవిని అప్పగించి, ఇశ్రాయేలును మాత్రం యెహోవా తనకే ఉంచుకున్నాడన్నమాట. తొమ్మిదో వచనం అప్పుడు చక్కగా అతుకుతుంది. బహుదేవతల వాసన వస్తోందని ఏ లేఖరో మాట మార్చి ఉంటాడని ఎక్కువమంది అభిప్రాయం. నాదీ అదే.

తేడా కనిపిస్తే పాతదే సరైనదా?

అవసరం లేదు. పాత ప్రతిలోనూ తప్పులుంటాయని యెషయా చుట్టలో చూశాం. ఒక పాఠం నుంచి ఇంకోటి ఎలా పుట్టిందో వివరించగలగాలి. కడపలో సి.పి. బ్రౌన్ ఒకే పుస్తకానికి ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పాఠభేదాలు చూపించింది ఈ పనికోసమే.

కీర్తన 145 తీసుకోండి. హీబ్రూలో ఇది అక్షరమాల క్రమంలో నడిచే పద్యం. ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. మసోరెటిక్ పాఠంలో "నూన్" వచనం లేదు. మేమ్ తర్వాత నేరుగా సామెఖ్‌కు దూకుతుంది. మన తెలుగులో 13వ వచనం నుంచి 14కు వెళ్లేటప్పుడు ఆ ఖాళీ కనబడదు, ఎందుకంటే అక్షరక్రమం అనువాదంలో పోయింది. పదకొండో గుహలో దొరికిన కీర్తనల చుట్టలో నూన్ వచనం ఉంది: దేవుడు తన మాటల్లో నమ్మదగినవాడు, తన పనులన్నిటిలో కృపగలవాడు. గ్రీకులో కూడా ఉంది. పోయింది దొరికిందని సంబరపడేలోపు 17వ వచనం చూడండి. "తన పనులన్నిటిలో కృపగలవాడు" అన్న సగం అక్కడ అచ్చంగా ఉంది. ఎవరైనా ఖాళీ పూడ్చడానికి అక్కడినుంచి తెచ్చి అతికించారా? నా మొగ్గు అసలుదే అన్నవైపు. కానీ బల్ల గుద్ది చెప్పలేను.

యిర్మీయా గ్రంథం రెండు రకాలుగా ఉందంటారు?

అవును. గ్రీకు యిర్మీయా హీబ్రూ దానికంటే ఏడో వంతో ఎనిమిదో వంతో చిన్నది, అధ్యాయాల వరస కూడా వేరు. అనువాదకుడు కత్తిరించాడని చాలాకాలం అనుకున్నారు. నాలుగో గుహలో ఆ పొట్టి రకానికి సరిపోయే హీబ్రూ తునకలు దొరికాయి. అదే గుహలో పొడుగు రకం ప్రతులూ దొరికాయి. రెండూ పక్కపక్కనే ఉన్నా ఎవరికీ టెన్షన్ రాలేదన్నమాట. మనకే వస్తోంది.

చుట్టల్లో బైబిల్ వ్యాఖ్యానాలు కూడా ఉన్నాయట. వాళ్లు ఎలా అర్థం చెప్పుకునేవారు?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు. నాకైతే అన్నిటికంటే ఇదే ఇష్టం.

ఈ చుట్టల వెనక ఉన్న కుమ్రాన్ యూదు సంఘం వ్యాఖ్యాన పద్ధతి పేరు "పెషెర్". ఒక వచనం రాయడం, కింద "దీని పెషెర్ ఏమిటంటే" అని మొదలుపెట్టి అర్థం చెప్పడం. మన టీకా తాత్పర్యాల వరసే. కానీ ప్రవక్త తన కాలం గురించి ఏమన్నాడన్నది వాళ్లకు పట్టదు. ప్రవక్తకే తెలియని రహస్యం ఆ మాటల్లో దాగి ఉందని, అది తమ గురువైన "నీతి బోధకుడి"కి మాత్రమే దేవుడు తెలియజేశాడని వాళ్ల నమ్మకం. ఆయన అసలు పేరు ఎక్కడా రాయలేదు.

మొదటి గుహలోని హబక్కూకు పెషెర్ తెరిచి చూద్దాం. శత్రువు తన వలకు బలులు అర్పిస్తాడని హబక్కూకు 1:16 అంటుంది. అక్కడ ప్రవక్త కళ్లముందున్నది కల్దీయులు, అంటే బబులోనువాళ్లు. పెషెర్ రాసినవాడు దాన్ని "కిత్తీయుల"కు, అంటే రోమన్లకు అన్వయించాడు: వాళ్లు తమ సైనిక ధ్వజాలకు బలులిస్తారు! రోమన్ దళాలు గద్ద బొమ్మలున్న ధ్వజాలను నిజంగానే పూజించేవి. అయిదారు వందల ఏళ్ల పాత వచనం ఆనాటి వార్త అయిపోయింది.

2:15 దగ్గర ఇంకా విచిత్రం. "పొరుగువారికి తాగించి వారి దిగంబరత్వం చూసేవాడికి శ్రమ" అన్నది మన పాఠం. పెషెర్‌లో అదే వచనం "వారి పండుగలు చూడడానికి" అని ఉంది. హీబ్రూలో "మెఓరేహెమ్" అంటే వారి నగ్నత్వం, "మోఅదేహెమ్" అంటే వారి పండుగలు. రేష్, దాలెత్ అనే అక్షరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, చూపు కాస్త తప్పితే ఒకటి ఇంకోటి అయిపోతుంది. ఆ "పండుగ" అన్న మాట పట్టుకుని వ్యాఖ్యాత ఒక సంఘటన చెప్పాడు. "దుష్ట యాజకుడు" నీతి బోధకుడిని వెంటాడుతూ, ప్రాయశ్చిత్త దినాన, వాళ్లు ఉపవాసం ఉన్న విశ్రాంతి రోజున, ఆయన ప్రవాసంలో ఉన్న చోటికి వచ్చిపడ్డాడట. యాజకుడు అంత పవిత్ర దినాన ప్రయాణం ఎలా చేశాడు? వాళ్ల క్యాలెండర్లు వేరు. కుమ్రాన్ వాళ్లది 364 రోజుల సంవత్సరం. వీళ్లకు ప్రాయశ్చిత్త దినమైనది ఆయనకు మామూలు రోజు. రెండు పంచాంగాల్లో పండుగ తేదీ రెండు రోజులు పడితే మన ఇళ్లలో జరిగే వాదనలు తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

ఆ అక్షరం తప్పు చదివి ఈ అర్థం తీశారా, అర్థం ముందే మనసులో ఉండి అక్షరాన్ని అలా చదివారా? రెండోదానికే నా ఓటు. పాఠాన్ని ఎక్కించడం ఒక పని, అర్థం చెప్పడం వేరే పని అని మనం అనుకుంటాం. వాళ్ల చేతుల్లో అవి కలిసే నడిచేవి.

"నీతిమంతుడు విశ్వాసమూలంగా బ్రతుకుతాడు" అన్న 2:4 కూడా ఇందులో ఉంది. ధర్మశాస్త్రాన్ని పాటిస్తూ, నీతి బోధకుడి పట్ల నమ్మకంగా ఉన్నవాళ్లు తీర్పు నుంచి తప్పించుకుంటారని పెషెర్ అంటుంది. కొన్ని దశాబ్దాల తర్వాత పౌలు అదే వచనం తీసుకుని క్రీస్తు మీద విశ్వాసం వైపు, ధర్మశాస్త్ర క్రియలకు ఎదురుగా నడిపించాడు.

ఆ "ధర్మశాస్త్ర క్రియలు" అన్న మాట కూడా చుట్టల్లో ఉందా?

ఉంది. పౌలు వాడిన గ్రీకు మాటకు సరిగ్గా సరిపోయే హీబ్రూ మాట, "మఅసె హతోరా", నాలుగో గుహలో ఆరు ప్రతులుగా దొరికిన ఒక లేఖ లాంటి రచనలో కనిపించింది. దాని పూర్తి ప్రచురణ 1994లో వచ్చింది. అందులో "క్రియలు" అంటే పుణ్యకార్యాలు కావు, మడి ఆచారాల లాంటివి. శుద్ధమైన పాత్రలోంచి మైలపడిన పాత్రలోకి ద్రవం పోస్తే ఆ ధార వెంట మైల పైకి పాకుతుందా? యెరూషలేంలోకి కుక్కలను రానివ్వొచ్చా? రానివ్వకూడదట, బలిమాంసం ఎముకలు కొరుకుతాయి. పౌలు ఈ మాట మీద వాదించే గలతీ పత్రిక చదివేటప్పుడు ఈ కుక్కలను గుర్తుపెట్టుకుంటే పౌలు ఎవరితో, ఏ వాతావరణంలో వాదిస్తున్నాడో కొంత తెలుస్తుంది.

యెషయా 40:3ను బాప్తిస్మమిచ్చే యోహానుకు ముందే వాళ్లు తమకు అన్వయించుకున్నారా?

అవును. హీబ్రూలో ఆ వచనం "ఒక స్వరం కేకవేస్తోంది: అరణ్యంలో యెహోవాకు దారి సిద్ధం చేయండి" అని విరుగుతుంది. తర్వాతి పాదంలో "ఎడారిలో" అన్న జోడీ ఉంది కాబట్టి ఇదే సహజం. యోహానుకు దీన్ని అన్వయించిన సువార్తల్లో "అరణ్యంలో కేకవేసేవాని స్వరం". కామా మారితే అరణ్యంలో ఉన్నది దారి కాదు, మనిషి. కుమ్రాన్ సంఘ నియమావళి మొదటి విరుపునే తీసుకుని, మనం దుష్టుల మధ్య నుంచి ఎడారికి వెళ్లి దారి సిద్ధం చేయాలి, ఆ దారి ధర్మశాస్త్ర అధ్యయనమే అంది. యోహాను బాప్తిస్మమిచ్చింది అక్కడికి దగ్గర్లోనే. ఆయన వాళ్లలో ఒకడన్న రుజువు మాత్రం లేదు.

బైబిల్ కథలను వాళ్లు మార్చి చెప్పుకున్నారా?

ఖాళీలు పూరించి చెప్పుకున్నారు. ఆదికాండం 12లో అబ్రాము ఐగుప్తుకు వెళ్తూ భార్యను చెల్లెలని చెప్పమంటాడు. భయం అన్నది సరే, అబద్ధం ఆడాలని ఎలా తోచింది? మొదటి గుహలోని, అరమేయిక్ భాషలో రాసిన ఒక చుట్టలో అబ్రామే తన కథ చెప్తాడు. ఆ రాత్రి కల వచ్చింది: ఒక దేవదారు, ఒక ఖర్జూరపు చెట్టు. మనుషులు దేవదారును నరకబోతే ఖర్జూరం అరిచింది, మేమిద్దరం ఒకే వేరు నుంచి వచ్చాం అని. దేవదారు బతికింది. అంటే సలహా కలది, పిరికితనం అబ్రాముది కాదు. తర్వాత ఫరో అధికారులు ఆ భార్య శారయి అందాన్ని వర్ణిస్తారు చూడండి: ముఖం, జుట్టు, కళ్లు, ముక్కు, చేతులు, వేళ్లు, పాదాలు. మన ప్రబంధ నాయిక వర్ణన చదివినట్టే ఉంటుంది. ఫరో ఆమెను తాకలేదని కూడా చుట్ట నొక్కి చెప్తుంది, ఆదికాండం అక్కడ మౌనంగా ఉంది. భక్తిగల పాఠకుడిని ఏ ప్రశ్న వేధించిందో పూరించిన చోటును బట్టి పట్టేయొచ్చు.

యెహోవా పేరు ఎలా రాశారు?

నాలుగు హల్లులతో. హబక్కూకు పెషెర్‌లో మిగతాదంతా మామూలు చదరపు లిపి, ఆ పేరు దగ్గరకు రాగానే అప్పటికే వాడుకలోంచి పోయిన పాత హీబ్రూ లిపి. కొందరు లేఖరులు అదీ రాయకుండా నాలుగు చుక్కలు పెట్టారు. బయటికి పలకకుండా "అదోనాయ్" అనేవారు. మసోరెట్లు తర్వాత ఆ అదోనాయ్ అచ్చులను ఈ హల్లులకు తగిలించారు. రెండూ కలిపి చదివితే వచ్చిన రూపమే మనం అలవాటుగా అనే యెహోవా.

యేసు గురించి ఏమైనా ఉందా?

లేదు. కొత్త నిబంధన ప్రతి కూడా లేదు.

ఎస్తేరు పుస్తకం ఎందుకు దొరకలేదు?

ఎస్తేరు కథను బట్టి జరుపుకునే పూరీము పండుగ వాళ్ల క్యాలెండర్‌లో లేదు, అది ఒక కారణం కావచ్చు. చిన్న పుస్తకం కాబట్టి పురుగులు తినేసి ఉండొచ్చు కూడా. ఎక్కువ ప్రతులు దొరికినవి కీర్తనలు, ద్వితీయోపదేశకాండం, యెషయా. కొత్త నిబంధన రాసినవాళ్లు ఎక్కువగా ఎత్తి చూపిన పుస్తకాలూ ఈ మూడే.

కుమ్రాన్ కంటే పాతవి ఏమీ లేవా?

ఒకటి ఉంది, అరచేతిలో పట్టేంత. 1979లో యెరూషలేం పక్కన కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి రెండు చిన్న వెండి రేకులు దొరికాయి, తాయెత్తుల్లా చుట్టి ఉన్నాయి. జాగ్రత్తగా విప్పితే సంఖ్యాకాండం 6లోని "యెహోవా నిన్ను ఆశీర్వదించి కాపాడును గాక" అన్న దీవెన మాటలు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతానివి. అది బైబిల్ ప్రతి కాదు, ఒంటి మీద కట్టుకున్న దీవెన.

నకిలీలు ఉన్నాయా?

బోలెడు. వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ద బైబిల్ తన దగ్గరున్న 16 తునకలూ నకిలీలేనని 2020లో తేలినట్టు ప్రకటించింది. పాత తోలు మీద కొత్త సిరా. ఎవరైనా ప్రదర్శనలో "అసలైన చుట్ట ముక్క" చూపిస్తే అది ఏ గుహలో, ఏ సంవత్సరం దొరికిందో అడగండి.

మన తెలుగు బైబిల్లో ఇవేవీ ఎందుకు కనిపించవు?

మన ఇళ్లలో ఎక్కువగా ఉండే పాత అనువాదం ఈ గుహలు బయటపడక ముందే తయారైంది. దానికి ఆధారం మసోరెటిక్ పాఠం, కొన్నిచోట్ల పాత అనువాదాల సాయం. అందుకే గొల్యాతు ఆరు మూరలే, కీర్తన 145లో నూన్ వచనం లేదు. ఇది మోసం కాదు, కాలం. కొత్త అనువాదాలు కొన్ని అడుగున నోట్ ఇస్తున్నాయి. ఆ చిన్న అక్షరాలను దాటేసి వెళ్లకండి.

హీబ్రూ రాదు. నేను సొంతంగా చూడడానికి ఏమైనా ఉందా?

ఉంది, డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఇజ్రాయెల్ మ్యూజియం 2011లో గూగుల్ సాయంతో యెషయా పెద్ద చుట్ట మొత్తాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఫోన్‌లో కూడా చూడొచ్చు. హీబ్రూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి చుట్ట కుడి చివర మొదలవుతుంది. జరుపుకుంటూ 33వ కాలమ్ దగ్గర ఆగండి. పైభాగంలో రెండు వరుసల మధ్య ఎవరో సన్నగా ఇరికించి, చోటు చాలక ఎడమ అంచున కిందికి దించిన రాత కనిపిస్తుంది. గడ్డి ఎండిపోయే వచనాలు అవే. ఇంకా దగ్గరగా జూమ్ చేస్తే, ఆ ఇరికించిన మాటల్లో యెహోవా పేరు ఉండాల్సిన చోట నాలుగు చుక్కలు కనబడతాయి.